నాన్న పాటల పెట్టె: నలభై వేల ప్లాను పద్దెనిమిది వేల ఆరువందల దగ్గర ఆగిన డైరీ

2025 మార్చి 2, ఆదివారం

మా నాన్న దగ్గర 310 సీడీలు, 140 క్యాసెట్లు ఉన్నాయి. ఇవాళ పొద్దున్నే కింద చాప వేసుకుని లెక్కపెట్టాను, ఇన్నాళ్లూ ఎవరడిగినా "ఓ వెయ్యి ఉంటాయి" అనేవాళ్లం. సీడీలు కొన్నవి కాబట్టి పోయినా ఎక్కడో ఒకచోట మళ్లీ దొరుకుతాయి. క్యాసెట్లలో సగం మాత్రం ఎనభైల్లో ఆయన టేప్‌రికార్డర్‌ని రేడియోకి ఆనించి పట్టుకున్నవి. ఆకాశవాణి విజయవాడ కేంద్రం భక్తిరంజని, రాత్రిపూట కచేరీలు, మధ్యలో వంటింట్లోంచి మా అమ్మ "పప్పు దించెయ్యనా" అని వేసిన కేక కూడా పడింది ఒకదాంట్లో. ఆ కేక ఏ షాపులోనూ దొరకదు.

ఈ పని పదేళ్లుగా వాయిదా పడుతూనే ఉంది. కదిలించింది మా బాబాయి వాళ్లిల్లు. వాళ్లది విజయవాడ సింగ్‌నగర్, కింది వాటా. నిరుడు సెప్టెంబరు 1న అటు ప్రకాశం బ్యారేజీకి ఎన్నడూ లేనంత వరద (మర్నాటికి 11.43 లక్షల క్యూసెక్కులకి చేరింది), ఇటు బుడమేరు ఊరి మీద పడింది. అన్నదమ్ములిద్దరూ అప్పట్లో క్యాసెట్లు పంచుకున్నారు, బాబాయి వాటా అంతా కింద షెల్ఫులో ఉండేది. నీళ్లు తీశాక వెళ్లి చూస్తే బురద ముద్దలు. కంప్యూటర్ కూడా అదే గదిలో, అదే బురదలో. అంటే ఆయన ఎక్కించుకున్న కాసిన్ని పాటలూ, వాటి ఒరిజినల్సూ ఒకేసారి పోయాయి. ఈ సంగతి ముందుముందు మళ్లీ వస్తుంది.

సరే, ప్లాను ఇది: అన్నీ డిజిటల్ చేసి ఒకచోట పెట్టాలి, హాల్లో పాత ఆంప్లిఫయర్‌లోనూ నాన్న గదిలోనూ ఫోన్లలోనూ వినిపించాలి. నెట్ లేకపోయినా పాట ఆగకూడదు. ఎన్ఎఎస్ (ఇంటి నెట్‌వర్క్‌లో అందరూ వాడుకునే డిస్కుల పెట్టె) కొనాలన్నది నా మనసులో ఎప్పుడో ఫిక్సయిపోయింది. ఏలూరు రోడ్డులో ఒక షాపులో అడిగితే రెండు డిస్కుల పెట్టె 19 వేలు, అందులోకి 4 టీబీ డిస్కులు ఒక్కోటి పదిన్నర వేలు అన్నాడు. వెరసి 40 వేలు. మా ఆవిడ ఏమీ అనలేదు, "పాటలకా?" అని మాత్రం అడిగింది.

మార్చి 9

ఆ "పాటలకా?" వారమంతా బుర్రలో తిరిగింది. అందుకే కొనే ముందు అసలెంత జాగా కావాలో లెక్క వేశాను, నిజానికి ఇది మొదటిరోజే చెయ్యాల్సిన పని.

సీడీలో పాట సెకనుకి 1,411 కిలోబిట్లు, అంటే నిమిషానికి పదిన్నర ఎంబీ. దాన్ని ఫ్లాక్ అనే ఫార్మాట్‌లోకి మారిస్తే ఒక్క బిట్టు కూడా పోకుండా దాదాపు సగానికి దిగుతుంది. సీడీకి సగటున 55 నిమిషాలు వేసుకున్నా ఒక్కోటి 320 ఎంబీ, 310 సీడీలకి 100 జీబీ. క్యాసెట్లు గంటవి, ఒక్కోటి 350 ఎంబీ అనుకుంటే 140కి 49 జీబీ. ఇవికాక కాలేజీ రోజుల నుంచి పోగేసిన ఎంపీ3లు 11 వేలు, ఒక్కోటి 5 ఎంబీ చొప్పున 55 జీబీ. మొత్తం 204 జీబీ.

రెండుసార్లు కూడాను. 204 జీబీయే. ఎంత ఉబ్బించినా, రేపు మా అబ్బాయి పాటలు కలిపినా 300 దాటదు. నేను కొనబోయింది 8 టీబీ.

క్యాసెట్లని 24 బిట్, 96 కిలోహెర్ట్జ్‌లో పెట్టుకోవాలనే వాళ్లుంటారు. రికార్డు చేసేటప్పుడు లెవెల్ కొట్టుకోకుండా 24 బిట్ మంచిదే, దాచేటప్పుడు సీడీలో ఉండే 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్ చాలు. మామూలు క్యాసెట్‌లో బుస్సుమనే టేపు హోరు మీద మిగిలే శబ్దం వ్యాప్తి 60 డెసిబెల్స్ కూడా అంతంతమాత్రం, 16 బిట్‌లో 96 పడుతుంది. బుస్సుని హైరెజల్యూషన్‌లో దాచుకుని ఏం చేసుకుంటాం.

వేగం సంగతీ ఇంతే. ఫ్లాక్ పాటకి సెకనుకి ఒక మెగాబిట్ అటూ ఇటూగా కావాలి. పాతకాలపు 100 మెగాబిట్ లాన్‌లో కూడా ఇల్లంతా తలా ఒక పాట పెట్టుకోవచ్చు. ఎన్ఎఎస్ డబ్బాల మీద అచ్చేసే గిగాబిట్, 2.5 గిగాబిట్, సెకనుకి ఇన్ని వందల ఎంబీ అన్న అంకెలన్నీ వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లకి. పాటకి అవేవీ అక్కర్లేదు.

మార్చి 16

ఖర్చు లేని దారి ముందు చూద్దామని రౌటర్ వెనకున్న యూఎస్‌బీ రంధ్రంలో నా పాత 1 టీబీ డిస్కు గుచ్చాను. టిక్... టిక్... టిక్ అని మూడుసార్లు కొట్టుకుని ఊరుకుంది. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇవ్వాల్సిన కరెంటు 500 మిల్లీయాంపులు, డిస్కు తిరగడం మొదలెట్టే క్షణంలో అంతకంటే ఎక్కువ లాగుతుంది. విడిగా అడాప్టర్ ఉన్న హబ్బు మధ్యలో పెడితే తిరిగింది.

తిరిగింది గానీ రౌటర్‌కి ఫైళ్లు పంచుకోవడానికి ఎస్ఎంబీ1 అనే ముసలి పద్ధతి ఒక్కటే వచ్చు. దాన్ని విండోస్ 2017 నుంచే మామూలుగా వెయ్యడం మానేసింది, భద్రత లేదని. మళ్లీ వేసుకోవచ్చు, కానీ రెండు వందల జీబీ పాటల కోసం ఇంటికి గొళ్లెం తీసిపెట్టడం ఎందుకు. పైగా తెలుగు పేర్లున్న ఫోల్డర్లన్నీ ప్రశ్నార్థకాలుగా కనిపించాయి. ఒక స్క్రీను నిండా ప్రశ్నార్థకాలే. నాన్న కళ్లజోడు సర్దుకుని చూసి, "ఇదేదో పరీక్ష పేపర్‌లా ఉందిరా" అన్నారు. తీసేశాను.

మార్చి 30, ఉగాది, ఆ తర్వాత నాలుగు రోజులు

పచ్చడి తిని డ్రాయర్‌లోంచి రాస్‌బెర్రీ పై 3 అనే బుల్లి కంప్యూటర్ తీశాను. ఫైళ్లు నెట్‌వర్క్‌లో పంచే సాంబా వేశాను, పాటల సర్వర్ వేశాను, మూడు రోజులు దివ్యంగా నడిచింది. నాలుగోరోజు సాయంత్రం కరెంటు పోయి వచ్చింది, రాస్‌బెర్రీ పై రాలేదు. మెమరీ కార్డులో ఫైల్ సిస్టం పాడైంది. సర్వర్ అన్నాక కార్డు మీద ఏదో ఒకటి రాస్తూనే ఉంటుంది, రాస్తుండగా కరెంటు లాగేస్తే ఇంతే.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా అంటారా, నేనూ అదే అనుకున్నా. వెనకాల చూస్తే చిన్న స్విచ్, ఒకవైపు "నార్మల్", ఒకవైపు "యూపీఎస్" అని. మాది కొన్నప్పటి నుంచీ నార్మల్‌లోనే ఉంది. నార్మల్‌లో ఉంటే మెయిన్స్ నుంచి బ్యాటరీకి మారడానికి పట్టే సమయం ఎక్కువ, ఫ్యానూ లైటూ పట్టించుకోవు, కంప్యూటర్ మాత్రం ఆ సందులో ఆరిపోతుంది. యూపీఎస్ వైపు జరిపితే చాలు. ఏడేళ్లుగా ఆ స్విచ్ నేను చూడనేలేదు.

పైని మాత్రం పారెయ్యలేదు, దానికి వేరే ఉద్యోగం ఉంది.

ఏప్రిల్ 6

శ్రీరామనవమి పందిళ్లు దాటుకుంటూ గవర్నర్‌పేట వెళ్లాను. వాడిన కంప్యూటర్లు బాగుచేసి అమ్మే షాపు. ఆఫీసుల్లోంచి వచ్చిన అరచెయ్యంత పీసీలు ఇటుకల్లా పేర్చి ఉన్నాయి. ఇవి ఇంత చవకగా ఎందుకొస్తున్నాయంటే, ఇంటెల్ ఆరో తరం, ఏడో తరం ప్రాసెసర్లకి విండోస్ 11 అధికారికంగా ఎక్కదు, విండోస్ 10కేమో 2025 అక్టోబరు దాకానే గడువు. ఆఫీసులు దించేసుకుంటున్నాయి. మనం లినక్స్ వేసుకునేవాళ్లం, మనకా గొడవ లేదు.

ఐ5 6500టి, 8 జీబీ ర్యామ్, 256 జీబీ చిన్న ఎస్ఎస్‌డి, 8,500. తొమ్మిది చెప్పాడు, అడాప్టర్ వైరు టేపు చుట్టి ఉందని చూపించి ఐదొందలు తగ్గించాను, అడాప్టర్ కూడా మార్చి ఇచ్చాడు. షాపులోనే ఆన్ చేయించి, ఫ్యాన్ దగ్గర చెవి పెట్టి విన్నాను. పాటల పెట్టె అన్నాక దాని మోత వినపడకూడదు కదా. లోపల రెండున్నర అంగుళాల డిస్కుకి ఖాళీ ఉంది, అందులోకి 1 టీబీ ఎస్ఎస్‌డి, 5,400.

ఇంట్లో పాత డెస్క్‌టాప్ ఉండగా ఇదెందుకని మా ఆవిడ అడిగింది, న్యాయమైన ప్రశ్నే. ప్లగ్గుకి పెట్టే వాట్ మీటర్‌తో కొలిచాను. డెస్క్‌టాప్ ఊరికే కూర్చుంటేనే 62 వాట్లు. రోజంతా నెలంతా వేస్తే 44 యూనిట్ల పైన. ఈ చిన్నది 10 వాట్లు, నెలకి 7 యూనిట్లు చిల్లర. మా వాడకానికి చివరి యూనిట్లు 6 రూపాయల స్లాబులో పడతాయి కాబట్టి తేడా నెలకి 220 రూపాయలు, ఏడాదికి 2,600 పైమాట. మూడున్నరేళ్లు తిరిగేసరికి ఉచితమనుకున్న డెస్క్‌టాప్ దీనికంటే బిల్లుతోనే ఖరీదవుతుంది, ఎండాకాలం ఏసీ తోడై స్లాబు మారితే ఇంకా ముందే.

ఓపెన్‌మీడియావాల్ట్ వేశాను, పీసీని ఎన్ఎఎస్‌లా మార్చే సాఫ్ట్‌వేర్. డెబియన్ లినక్స్ మీద నడుస్తుంది, బ్రౌజర్లోంచే అన్నీ సర్దుకోవచ్చు. డిస్కులో ఫైళ్లు సర్దే పద్ధతుల్లో జెడ్ఎఫ్ఎస్ జోలికి పోలేదు, ఒక్క డిస్కుకి ఎక్స్‌టి4 చాలు.

ఏప్రిల్ 20

ఇప్పుడు అసలు తలనొప్పి మొదలైంది. విండోస్ ల్యాప్‌టాప్ నుంచి పాటలు ఎక్కిస్తుంటే కొన్ని ఫైళ్లు ఎంతకీ వెళ్లవు. "పేరు మరీ పొడుగు" అంటుంది. నాకు పొడుగ్గా కనపడదు, ఒక వరుసలో పట్టే పేరే.

విషయం ఏంటంటే, ఎక్స్‌టి4లో ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు. తెలుగులో ప్రతి ముక్కకీ మూడు. ముక్క అంటే మనం పలికే అక్షరం కాదు, గుణింతం గుర్తు వేరే ముక్క, పొల్లు వేరే ముక్క. "విజయవాడ" మన కంటికి ఐదక్షరాలు, కంప్యూటర్ లిపులన్నీ దాచుకునే యూనికోడ్‌లో ఏడు ముక్కలు, 21 బైట్లు. "లక్ష్మి" రెండే అక్షరాలు, ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి, మళ్లీ ఏడు ముక్కలు, 21 బైట్లు! మొత్తం మీద తెలుగులో 85 ముక్కలకి పేరు అయిపోతుంది. విండోస్ లెక్క వేరు, అక్కడ తెలుగు ముక్కైనా ఇంగ్లీషు అక్షరమైనా ఒకటే, 255 పడతాయి. అందుకని అక్కడ పుట్టిన పేరు ఇక్కడ పట్టలేదు.

నాన్న పేర్లు పెట్టిన పద్ధతి చూడాలి. కీర్తన, రాగం, తాళం, పాడినవారు, వయొలిన్ ఎవరు, మృదంగం ఎవరు, ఏ ఊరి కచేరీ, ఏ తేదీ, అన్నీ ఫైలు పేరులోనే. కార్డు మీద రాసుకున్నట్టు. ఆయన్ని మార్చమని అడగలేను, అవసరమూ లేదు. ఆ వివరాలన్నీ పాట లోపలి ట్యాగుల్లోకి పంపాను, ఫ్లాక్ ట్యాగులు ఏ భాషైనా పట్టే యూటీఎఫ్8లోనే ఉంటాయి, వాటికీ ఇలాంటి 255 గొడవ లేదు. రాగానికి, పక్కవాద్యాలకి విడిగా ట్యాగులు పెట్టుకోవచ్చు. ఫైలు పేరు మాత్రం వరుస సంఖ్య, కీర్తన, అంతే. ఈ పని రోజుకి గంట చొప్పున తొమ్మిది రోజులు పట్టింది, నాన్న పక్కన కూర్చుని "కల్యాణి" అని ల రాయాలా, "కళ్యాణి" అని ళ రాయాలా అని వాదించిన సమయం కాకుండా. కల్యాణే గెలిచింది. కంప్యూటర్‌కి అవి రెండు వేర్వేరు రాగాలు కాబట్టి ఎవరో ఒకరు గెలవక తప్పదు.

మే 4

రాస్‌బెర్రీ పైకి కొత్త ఉద్యోగం దొరికింది: పాట వినిపించడం. పైకోర్‌ప్లేయర్ అని ఉంది, అది మొత్తం ర్యామ్‌లోకి ఎక్కేసి నడుస్తుంది, కార్డు మీద రాతలుండవు, కరెంటు ఎన్నిసార్లు పోయినా మళ్లీ లేచి కూర్చుంటుంది. దానికి చిన్న యూఎస్‌బీ డాక్ (డిజిటల్ పాటని ఆంప్లిఫయర్‌కి తెలిసే సిగ్నల్‌గా మార్చేది), అక్కణ్ణుంచి హాల్లో పాత ఆంప్లిఫయర్. డాక్ నా దగ్గరున్నదే.

సర్వర్ మొదట డీఎల్ఎన్ఎ అనే పంచుకునే పద్ధతిలో పెట్టాను, టీవీకి కూడా అర్థమవుతుందని. నాన్నకి రాగం తానం పల్లవి సీడీ ఒకటి పెట్టి నేను వంటింట్లోకి వెళ్లాను. ఐదు నిమిషాలకి పిలుపు. "ఒరేయ్, ఆలాపన అయ్యి తానంలోకి వెళ్లే చోట ఎవరో గొంతు పట్టుకున్నట్టు ఆగిందిరా." విన్నాను, ఏమీ తెలియలేదు. మళ్లీ విన్నాను. నిజమే, ట్రాక్ మారే చోట సెకనులో సగం నిశ్శబ్దం, తంబురా శ్రుతి కూడా తెగిపోతోంది. సినిమా పాటలకి ఇది ఎవరికీ తెలియదు, కచేరీలో గంటసేపు ఆగకుండా మోగే తంబురా మధ్యలో తెగితే అదొక్కటే వినిపిస్తుంది. ఈ లోపం ప్లేయర్ తదుపరి ట్రాకుని ముందే సిద్ధం చేసుకోకపోవడం వల్ల వస్తుంది. నెట్‌వర్క్ వేగంతో సంబంధం లేదు.

లిరియన్‌కి మారాను. ఇది స్క్వీజ్‌బాక్స్ ప్లేయర్ల కోసం పుట్టిన సర్వర్, ఆ ప్లేయర్లు 2012లో ఆగిపోయినా సాఫ్ట్‌వేర్ ఓపెన్‌సోర్స్ కాబట్టి బతికింది, నిరుటి నుంచి ఈ కొత్త పేరు. ఇందులో ట్రాకుల మధ్య సందు రాదు. హాల్లోనూ నాన్న గదిలోనూ ఒకే పాట ఒకేసారి వస్తుంది. అలారం కూడా ఉంది. పొద్దున ఐదున్నరకి దానంతటదే భక్తిపాటలు మొదలయ్యేలా పెట్టాను. నాన్న సంబరపడిపోయారు. మా ఆవిడ సంబరపడలేదు. ఇప్పుడు హాలు తీసేసి ఒక్క నాన్న గదిలోనే మోగుతోంది, వాల్యూమ్ 18.

మే 11

ఇవాళ చేసిన వెధవపని రాసుకోవాలి.

నిన్న బావ గుంటూరు నుంచి వచ్చినప్పుడు ఆయన పాత మ్యాక్‌లో ఉన్న కచేరీలు ఎక్కించాం. ఇవాళ చూస్తే లిస్టులో "భైరవి" అని రెండు ఫోల్డర్లు, పక్కపక్కనే, అచ్చుగుద్దినట్టు. ఒకే పేరుతో రెండు ఫోల్డర్లు ఎలా ఉంటాయి? డూప్లికేట్ అనుకుని ఒకటి డిలీట్ చేసేశాను. సాయంత్రం నాన్న వెతుకుతుంటే తేలింది, పోయింది బావ తెచ్చింది కాదు, నాన్నది. 23 కచేరీలు.

ఏం జరిగిందంటే, ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే ముక్కగా రాయొచ్చు, లేదా ఎత్వం, దాని కింద తగిలించే గుర్తు అని రెండు ముక్కలుగానూ రాయొచ్చు. తప్పు ఎవరిదీ కాదు, రెండూ సరైనవే, తెర మీద ఒకేలా కనిపిస్తాయి. మ్యాక్ పాత ఫైల్ సిస్టం పేర్లని విడగొట్టి రెండు ముక్కలుగా దాస్తుంది, విండోస్ నుంచి వచ్చినవి ఒకే ముక్కగా ఉంటాయి. లినక్స్ బైట్లు తప్ప మరేమీ చూడదు, దానికి ఆ రెండూ వేర్వేరు పేర్లు. మనకి మాత్రం భైరవి, భైరవి. కన్వ్‌ఎంవీ అనే చిన్న ప్రోగ్రాంతో అన్నీ ఒకే ముక్క రూపంలోకి మార్చాను, "వైజయంతి", "హైదరాబాదు కచేరీలు" అని ఇంకో పదకొండు జంటలు బయటపడ్డాయి.

పోయిన 23 కచేరీలు దొరికాయి. రౌటర్‌కి గుచ్చిన ఆ పాత డిస్కుని మినీ పీసీ వెనక యూఎస్‌బీకి పెట్టి, రోజూ రాత్రి రెండింటికి ఆర్‌సింక్ అనే ప్రోగ్రాంతో కాపీ అయ్యేలా పోయిన వారమే అమర్చాను. సాయంత్రం ఏడింటికి తెలిసింది కాబట్టి సరిపోయింది, మర్నాడు తెలిస్తే కాపీలోంచీ పోయేది, ఎందుకంటే అసల్లో లేనిది నకల్లోనూ తీసెయ్యమని నేనే చెప్పాను దానికి. ఇప్పుడు ఆ పద్ధతి మార్చాను. తీసేసినవి, మారినవి తేదీ పేరుతో వేరే ఫోల్డర్లోకి వెళ్తాయి, 60 రోజులు ఉంటాయి.

40 వేల పెట్టె కొని ఉంటే? రెండు డిస్కులూ రెయిడ్ 1లో పెట్టేవాణ్ణి. అద్దంలా రెండిట్లోనూ ఒకటే రాస్తుంది, డిలీట్ కొట్టిన క్షణంలోనే రెండిట్లోంచీ పోతుంది. రెయిడ్ ఒక డిస్కు చచ్చినప్పుడు పాట ఆగకుండా ఉండటానికి. మా ఇంట్లో పాట ఒక పూట ఆగితే కొంప మునగదు. నాలాంటి వాడి చెయ్యి జారితే, బుడమేరు వస్తే, దాని వల్ల ఒరిగేదేమీ లేదు. పెట్టె కొనకపోవడం వల్ల మిగిలిన డబ్బులో 4,700 పెట్టి ఇంకో 1 టీబీ యూఎస్‌బీ హార్డ్ డిస్కు ఆర్డర్ చేశాను.

మే 28

రోహిణి కార్తె. రోళ్లు పగులుతాయంటారు, మా అటక మీద పెట్టిన మినీ పీసీ మాత్రం పగల్లేదు, ఫ్యాను ఒకటే అరుస్తోంది. ఎస్ఎస్‌డి 61 డిగ్రీలు చూపించింది. అటక మీద గాలాడదు, పైన స్లాబు వేడి. టీవీ కిందికి దించాను, 46కి వచ్చింది. మోత ఆగింది. అంతే, దీనికి ఇంతకంటే రాయాల్సింది లేదు.

జూన్ 1, ఆదివారం

రెండో డిస్కు గుంటూరు ప్రయాణం. తువ్వాల్లో చుట్టి సంచిలో పెట్టాను, పక్కన అక్కకి అమ్మ పంపిన ఆవకాయ జాడీ. నెహ్రూ బస్టాండులో నాన్‌స్టాప్ ఎక్కి, దారంతా సంచి ఒళ్లో పెట్టుకునే కూర్చున్నాను, డిస్కు కోసమా జాడీ కోసమా అంటే రెండిటి కోసమూ. బ్రాడీపేటలో అక్క వాళ్లది రెండో అంతస్తు. బీరువాలో పట్టుచీరల పై అరలో పెట్టించాను. "ఇందులో ఏముందిరా?" అంది. నాన్న పాటలన్నీ అన్నాను. "అయితే నాకూ వినిపించే ఏర్పాటు చెయ్యి, ఊరికే బీరువాలో ఎందుకు" అంది. పాయింటే.

ఎస్ఎస్‌డి కాకుండా హార్డ్ డిస్కే ఎందుకు తీసుకున్నానంటే, నెలల తరబడి కరెంటు తగలకుండా పడుండే కాపీకి ఎస్ఎస్‌డిని నమ్మలేం, అందులో డేటా నిలిచేది విద్యుదావేశం మీద, అది మెల్లిగా కారిపోతుంది. హార్డ్ డిస్కుకి ఆ బాధ లేదు, పైగా చవక. రెండు నెలలకోసారి ఇక్కడి డిస్కు అక్కడికి, అక్కడిది ఇక్కడికి. ఆన్‌లైన్‌లో పెట్టొచ్చు కదా అన్నాడు బావ. పెట్టొచ్చు, నెలనెలా కట్టుకోవాలి, ఎలాగూ నెలకోసారి గుంటూరు వెళ్తూనే ఉంటాం.

ఖర్చు: పీసీ 8,500, ఎస్ఎస్‌డి 5,400, ఈ డిస్కు 4,700, మొత్తం 18,600. రాస్‌బెర్రీ పై, డాక్, పాత డిస్కు ఉన్నవే, కొనాలంటే ఇంకో తొమ్మిది పది వేలు అయ్యేవి, అది దాచి లెక్క చెప్పకూడదు. ఆవకాయ లెక్కలోకి రాదు.

జూన్ 8

సీడీలు 310లో 297 ఎక్కాయి. మిగతా 13 ఇంట్లో రాసుకున్న సీడీలు, రంగు పొర చెడిపోయి అంచున మబ్బు పట్టినట్టుంది, మూడు డ్రైవుల్లో ప్రయత్నించాను, లేదు.

ఇవాళ బాబాయి వచ్చారు, చేతిలో అట్టపెట్టె. పారేశారనుకున్న బురద క్యాసెట్లలో పిన్ని ఓ డజను దాచిందట, "ఎందుకో మనసొప్పలేదు" అన్నారు. ఒకటి తీసి చూశాను. లోపల టేపు మీద ఎండిన వండ్రు, సన్నగా, గోధుమరంగు పొడిలా. అంచులకి అయిదు స్క్రూలు ఉన్న రకం, అదృష్టం. అతికించేసిన రకమైతే చాకుతో కొయ్యాలి. స్క్రూలు విప్పి, రెండు చుట్టలూ కదలకుండా తీసి, డిస్టిల్డ్ వాటర్‌లో మెల్లిగా ముంచి తీశాను. ఇన్వర్టర్ బ్యాటరీకి పోసేదే. మూడోసారికి నీళ్లు తేటగా వచ్చాయి. నీడలో బట్ట మీద ఆరబెట్టి, ఫ్యాను దూరంగా పెట్టాను, ఎండలో పెడితే టేపు వంకర్లు పోతుంది. సాయంత్రానికి పూర్తిగా ఆరాక, పనికిరాని ఒక పాటల క్యాసెట్ గుల్ల ఖాళీ చేసి అందులోకి ఎక్కించాను. ఒకసారి చివరిదాకా, మళ్లీ మొదటిదాకా చేత్తో, పెన్సిల్ పెట్టి తిప్పాను. డెక్కులో వేసి రికార్డు నొక్కాను.

మొదటి నాలుగు నిమిషాలు గరగర తప్ప ఏమీ లేదు. తర్వాత వయొలిన్ వచ్చింది, నీళ్లలోంచి వస్తున్నట్టు, అయినా వయొలినే. నాన్న, బాబాయి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "ఇది మన పాతింట్లో పట్టిందే" అన్నారు బాబాయి. "కాదు, మీ పెళ్లయిన తర్వాతది" అన్నారు నాన్న. ఇద్దరూ అరగంట వాదించుకున్నారు, నేను ఆ వాదన అయ్యేదాకా ట్యాగులో తేదీ ఖాళీగా వదిలేశాను.

ఇంకా 11 బురదవి, మనవి 52 మిగిలాయి. డెక్కు బెల్టు జారుతోంది, రెండో వైపు చివర్లో శ్రుతి కాస్త కిందికి పోతోందని నాన్న పట్టేశారు. వన్‌టౌన్‌లో బెల్టులు దొరికే కొట్టు ఒకటుందట, రేపు చూడాలి.